పిండిమర దగ్గర పడాల్సిన గేరు

అమ్మ, మా పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లి తిరిగొచ్చేసరికి మా కారు గొంతు మారిపోయింది. బస్సు దిగి సందులోకి మలుపు తిరుగుతుండగానే తనకి వినపడిందట. ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు, కాంక్రీటు కలిపే మిషన్ ఆడుతోంది అనుకుందట. తీరా చూస్తే ఆ చప్పుడు మా గుమ్మం ముందు నుంచే వస్తోంది. బాబాయి బానెట్ మీద మోచెయ్యి ఆనించి, ఫొటో తీయించుకోవడానికి నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

"ఎలా ఉంది వదినా?" అన్నాడు.

అమ్మ చేతిలో సంచీ కింద పెట్టలేదు. "ముందు దాన్ని ఆపు," అంది.

ఆపాడు. ఆపాక ఎదురింటి కుక్కర్ కూత, పక్కింటి పసిపాప ఏడుపు, అన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ వినపడడం మొదలయ్యాయి.

బాబాయి పాత సైలెన్సర్ పీకించి, వెడల్పాటి గొట్టంతో పెద్దది వేయించాడు. దాంతో ఇంజన్‌కి ఊపిరి బాగా ఆడుతుందట, బండి జోరుగా లాగుతుందట, ఒక్కసారి చూసినవాళ్లు మన స్కూలుని మర్చిపోరట. మరి పాతదేదీ అని అమ్మ అడిగితే, అది ఇనప సామాన్లవాడి తోపుడుబండి ఎక్కి వెళ్లిపోయిందన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం వదిన మొహం చూడకుండా నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే సైలెన్సర్, బాగుంది కదా?"

సైలెన్సర్ అంటే నేనే. పెద్దగా మాట్లాడనని ఆయన పెట్టిన పేరు. అవునన్నట్టూ కాదన్నట్టూ కూడా కనపడేలా తల ఊపాను.

మా అమ్మది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే పెద్ద మాటే. ఒక పాత కారు, వరండాలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ట్రాఫిక్ గుర్తుల పటం, అంతే. బండి కడగడం, సర్వీసింగ్ చేయించడం బాబాయి పని. నేర్చుకోవడానికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు. ఇంట్లో మొగుడో అన్నయ్యో నేర్పిస్తానని బయల్దేరి, అరిచి, ఏడిపించి, మధ్యలో వదిలేస్తే మా దగ్గరికి వస్తారు. అమ్మ అరవదు. కూనిరాగం తీస్తుంది.

మొదటి పాఠంలో ఎవర్నీ బండి ఎక్కనివ్వదు. కుర్చీలో కూర్చోబెట్టి చేతికి స్టీలు పళ్లెం ఇస్తుంది. అదే స్టీరింగు. ఎదురుగా తను కూర్చుని బండిలా మూలుగుతుంది. మొదట బరువుగా "ఊఁ" అని ఎత్తుకుని, మెల్లిగా గొంతు పెంచి, సన్నటి "ఈఁ" దాకా తీసుకెళ్తుంది. ఆ "ఈఁ" వినపడగానే ఎదుటివాళ్లు ఎడం కాలు నొక్కి, గాలిలో గేరు మార్చాలి. మీటర్లు చూడొద్దంటుంది. ఇంక చాలని బండే చెబుతుంది, చూపు మాత్రం రోడ్డు మీదే ఉండాలంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఈ భాగోతం చూసి నవ్వాపుకోలేక పళ్లెం మొహానికి అడ్డం పెట్టుకుంటారు. తర్వాత వాళ్లే ఇంట్లో మిక్సీ తిరుగుతుంటే గేరు మార్చబోయామని వచ్చి చెబుతారు.

సాయంత్రం పాఠం మా బడి మీదుగా వెళ్తుంది. నేను వెనక సీట్లో ఎక్కి, పుస్తకాల సంచీ పక్కన ఇంకో సంచీలా కూర్చుంటాను. అలా అందరి పాఠాలూ వినేశాను.

ఆ నెలలో అందరికంటే ముఖ్యమైన విద్యార్థి నర్సమ్మ. కొండ కింద ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తుంది. టీకాల ఐసుపెట్టె భుజాన వేసుకుని గుట్టల మీది ఇళ్లకి నడిచే వెళ్తుంది. ఆ కేంద్రానికి ఒక చిన్న వ్యాన్ వచ్చింది కానీ డ్రైవర్ని ఇవ్వలేదు. నర్సే నడుపుకుంటే బండి అక్కడుంటుంది, లేదంటే వేరే కేంద్రానికి పంపేస్తారు. ఆవిడ అప్పటికే పరీక్ష రెండుసార్లు తప్పింది. వచ్చే శుక్రవారం తప్పితే వ్యాన్ పోయినట్టే. ఎంత మొండి రోగినైనా అదలించి సూది గుచ్చేసే మనిషికి గేరు రాడ్డు చూస్తే చెమటలు పడతాయి. క్లచ్ తొక్కే ముందు దాంతో కూడా, "ఏం కాదు, చిన్న నొప్పే," అంటుంది.

కొత్త సైలెన్సర్‌తో ఆవిడకి మొదటి పాఠం ఆ మర్నాడే. స్టార్ట్ చెయ్యగానే కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. దానికి తోడు యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పాము బుస కొట్టినట్టు ఇంకోటి. నర్సమ్మ రెండు కాళ్లూ పైకెత్తేసింది.

మెకానిక్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన షెడ్డులో ఎప్పుడూ గ్రీజు వాసన, రేడియోలో పాటలు. బండి కిందకి దూరి, ఇది ఎవడు బిగించాడని అడిగాడు. బాబాయి ఉన్నట్టుండి రేడియోలో పాట వినడం మొదలుపెట్టాడు. పైపుని పట్టుకోవాల్సిన రబ్బరొకటి వదులుగా వేలాడుతోందట, అందుకని పైపు బాడీకి కొట్టుకుంటోంది. అదీ టకటక. పైపులు కలిసే చోట గాస్కెట్ సరిగ్గా కూర్చోలేదు, అక్కడ్నుంచి పొగ తన్నుకొస్తోంది. అదీ బుస. రెండూ బాగుచేసి, ఇంక పాపం పుణ్యం ఏదీ నా మీద వెయ్యొద్దని చేతులు తుడుచుకున్నాడు.

టకటక పోయింది, బుస పోయింది. అసలు గొంతు మాత్రం అలాగే ఉంది. సరే, ఎలాగో అలవాటు పడదాం అనుకుంటుండగా బండికి జ్వరం వచ్చింది.

మా పాఠాల దారి ఎప్పుడూ ఒకటే. మా సందు, సెలూన్, పిండిమర, ఆ తర్వాత రైలు పట్టాల మీది వంతెన. వంతెన ఎక్కుడు పొడుగ్గా, నిదానంగా ఉంటుంది. నర్సమ్మ దాని పైకి చేరేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్లిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆవిడ దిగి దూరంగా నిలబడి, "చంపేశానా అక్కా?" అని అడిగింది.

మళ్లీ మేస్త్రి. రేడియేటర్ చూశాడు, నీళ్లు సరిపడా ఉన్నాయి. ఫ్యాన్ తిరుగుతోంది. బెల్టు బిగువుగానే ఉంది. వేడికి తెరుచుకోవాల్సిన థర్మోస్టాట్ తీసి గిన్నెలో వేడినీళ్లలో వేస్తే చక్కగా తెరుచుకుంది. వేడి పైపు ఏ రబ్బరు గొట్టానికీ తగలడం లేదు. తనే తీసుకెళ్లి వంతెన ఎక్కించి దింపాడు. ముల్లు మధ్యలోంచి కదల్లేదు. బాబాయి నడిపితే కూడా అంతే. మర్నాడు నర్సమ్మ నడిపితే మళ్లీ ఎర్రగీత. మా దగ్గరే నేర్చుకుంటున్న ఫొటో స్టూడియో ఆవిడ నడిపినా ఎర్రగీతే. ఆఖరికి అమ్మ నడిపినా ముల్లు పైపైకి పాకింది.

"మేడం గారూ, మీ బండికి ఆడవాళ్లు పడరు," అన్నాడు మేస్త్రి.

అమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆయన వెళ్లి రేడియో గొంతు తగ్గించాడు.

బాబాయి సరదా అంతా దిగిపోయింది. రోజూ పొద్దున్నే బానెట్ తెరిచి, ఒంట్లో బాగోని మేనత్తని పలకరించినట్టు, ఎలా ఉన్నావు తల్లీ అని అడుగుతున్నాడు. పాత సైలెన్సర్ కోసం ఇనప సామాన్లవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లి, అది అప్పటికే ముక్కలైపోయిందని తెలుసుకుని వచ్చాడు. అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అన్నం మాత్రం వడ్డించకుండా గిన్నె ముందుకి తోసింది. తిట్టు తినడమే నయం వదినా అన్నాడాయన. అమ్మ పప్పు గిన్నె కూడా తోసింది.

పాపం నర్సమ్మ మాత్రం, తన చెయ్యి పడితేనే బండి వేడెక్కుతోందని గట్టిగా నమ్మేసింది. పరీక్షకీ ఈ బండే కావాలి కదా, తన వల్ల మీ బండి పాడవడం దేనికి, వ్యాన్ పోతే పోనీ, ఇన్నాళ్లూ నడవలేదా అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ చెయ్యి భుజం మీదికి వెళ్లింది. ఐసుపెట్టె పట్టీ ఒరుసుకుని అక్కడ చర్మం నల్లగా కాయకాసి ఉంది.

ఆ సాయంత్రం నేను వెనక సీట్లో ఉన్నాను. స్టీరింగు నర్సమ్మది, పక్కన అమ్మ. సెలూన్ దగ్గర నర్సమ్మ మూడో గేరు వేసింది. అమ్మ, భేష్ అన్నట్టు తల ఊపింది. నాకు మాత్రం సీటు కింద సన్నగా వణుకు తెలిసింది. ఇలాంటి వణుకు ఇదివరకు ఉండేది కాదు. ఇదేమిటా అని తలెత్తి చూస్తే, కిటికీలోంచి సెలూన్ అతను ఎవరికో గడ్డానికి సబ్బు రాస్తూ కనపడ్డాడు.

సెలూన్. ఇన్నేళ్లుగా ఈ సీట్లో కూర్చుంటున్నాను కదా, మూడో గేరు పడేది ఎప్పుడూ పిండిమర దగ్గర. గేరు పడ్డ కుదుపుకి నా సంచీ జారేది, అదే క్షణంలో కిటికీలోంచి పిండి వాసన వచ్చేది. ఆ రెండూ ఎప్పుడూ జంటే. ఇప్పుడు సంచీ సెలూన్ దగ్గరే జారిపోతోంది.

ఇంటికొచ్చాక అమ్మ వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తుంటే వెనక నిలబడ్డాను. మొహం కనపడకపోతే నాకు మాట కొంచెం సులువుగా వస్తుంది.

"అమ్మా, మూడో గేరు సెలూన్ దగ్గర పడుతోంది."

"పడితే?"

"ఇదివరకు పిండిమర దగ్గర పడేది."

చిక్కుళ్లు ఒలవడం ఆగింది. కానీ వెంటనే ఒప్పుకోలేదు. తన చెవులు తప్పు వింటాయా, ఎంతమందికి నేర్పించాను, చిన్నప్పుడే కళ్లు మూసుకుని ఏ బండి ఏ గేర్లో వెళ్తోందో చెప్పేదాన్నని చాలాసేపు గోడకి చెప్పింది. నేను ఒక్కో చిక్కుడుకాయా తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను. అన్నీ అయ్యాక, గిన్నె కడుగుతూ, "పొద్దున చూద్దాం," అంది.

పొద్దున్న నర్సమ్మ వస్తే అమ్మ ఆవిడ సంచీలోంచి దూది అడిగింది. చిన్న చిన్న ఉండలు చేసి చెవుల్లో కుక్కుకుని స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన బాబాయి, వెనక నర్సమ్మ, నేను. చెవులు మూసుకున్న మనిషికి చెప్పడం ఎలా? ముందుకి వంగి భుజం మీద తట్టడానికి సిద్ధంగా కూర్చున్నాను. నాకు ఆ పద్ధతే హాయిగా ఉంది. సెలూన్ వచ్చింది, తట్టలేదు. బండి రెండో గేర్లోనే గోలగోలగా పోతోంది. బాబాయి నా వైపు తిరిగి ఏంటన్నట్టు చెయ్యి తిప్పాడు. పిండిమర వాసన తగిలాక తట్టాను. వంతెన మొదట్లో రెండుసార్లు తట్టాను, అమ్మ కింది గేర్లోకి దింపింది. పైకి చేరేసరికి ముల్లు ఎక్కడుందో అక్కడే ఉంది.

అమ్మ బండి పక్కకి ఆపి, దూది తీసేసి, అద్దంలో నా వైపు చూసింది. నర్సమ్మ నా బుగ్గ పట్టుకుని గిల్లింది. టీకాలు వేసే చెయ్యి కదా, గట్టిగానే తగిలింది.

మేస్త్రికి చెబితే నుదురు కొట్టుకున్నాడు. సైలెన్సర్ గోల చేస్తోంది కాబట్టి ఇంజన్ పూర్తిగా వేగం అందుకోకముందే అందరికీ ఇంక చాలన్నట్టు వినపడుతోంది, అందుకని ముందే పై గేరు వేసేస్తున్నారు. పై గేర్లో, తక్కువ వేగంతో ఎత్తు ఎక్కితే ఇంజన్ ఈడ్చుకుంటూ పోతుంది. నీళ్లు తిప్పే పంపూ మందగిస్తుంది. వేడెక్కక ఏం చేస్తుంది? ఈడ్చుకునేటప్పుడు టిక్కుటిక్కుమని ఒక చప్పుడు చేసి చెబుతుంది కానీ, ఈ హోరులో ఎవరికి వినపడాలి? మరి మీరు, బాబాయి నడిపితే ఎందుకు వేడెక్కలేదని అడిగింది అమ్మ.

"నేను మీటరు చూసి వేస్తాను. ఆయన ఎవరి మాటా వినడు కదా మేడం, బండి మాట మాత్రం వింటాడా?"

బాబాయికి ఇది పొగడ్తో తిట్టో తేలక నవ్వేశాడు.

సంగతి తెలిసింది కానీ పని మిగిలే ఉంది. పరీక్షలో నర్సమ్మ పక్కన ఇన్‌స్పెక్టర్ ఒక్కరే కూర్చుంటారు. భుజం తట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఆవిడకి ఈ కొత్త గొంతు నేర్పాలి. అమ్మ ప్రయత్నించింది. కానీ తను ఎలా ఎత్తుకున్నా చివరికి పాత "ఈఁ" లోకే జారిపోయేది. నోరు మాట వినడం లేదని విసుక్కుని, నన్ను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టింది.

ఎదురుగా పళ్లెం పట్టుకుని నర్సమ్మ, పక్క కుర్చీలో ఫొటో స్టూడియో ఆవిడ, గుమ్మంలో బాబాయి. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. లేచి పారిపోదామంటే నర్సమ్మ చెప్పులు విడిచిన కాళ్లు అప్పుడే క్లచ్ మీద ఉన్నట్టు మునివేళ్ల మీద నిలబడి కనపడ్డాయి. సరే అని కుర్చీ గోడ వైపు తిప్పుకుని, ట్రాఫిక్ గుర్తుల పటంలో హారన్ కొట్టకూడదనే బొమ్మని చూస్తూ మొదలుపెట్టాను.

ముందురోజు రాత్రంతా ఆ కారు గొంతు గురించే ఆలోచించాను. కొత్త గొంతు ముందు గోలీల డబ్బా దొర్లించినట్టు ఉంటుంది. తర్వాత గొంతు విప్పుకుని గర్జిస్తుంది. అందరూ మోసపోయేది అక్కడే. ఆ గర్జన కింద, చాలా కింద, పాత "ఈఁ" ఇంకా ఉంది. పోలేదు. పెద్దవాళ్ల సందడిలో చిన్నపిల్ల మాట్లాడినట్టు సన్నగా ఉంటుంది. అది వచ్చేదాకా ఆగాలి. గొంతుతో గర్జించి, ముక్కుతో ఆ సన్నటిది పలికించాను. బాబాయికి నవ్వు తన్నుకొచ్చింది. అమ్మ అటు తిరగ్గానే దగ్గుగా మార్చుకున్నాడు.

"ఇంకోసారి, తల్లీ," అంది నర్సమ్మ కళ్లు మూసుకుని.

ఎన్నిసార్లు పాడానో. పళ్లెంతో మొదలై, బండిలో పడి, వంతెన ఎక్కి దిగి, గురువారం సాయంత్రానికి నాకు గొంతు బొంగురుపోయింది. దాంతో ఆ పాట ఇంకా బాగా కుదిరింది.

శుక్రవారం పరీక్ష మైదానం బయట రేకుల షెడ్డులో కూర్చున్నాం. చుట్టూ ఎత్తైన గోడ, లోపల ఏం జరుగుతోందో కనపడదు. మిగతావాళ్ల బళ్లు లోపలికెళ్లి, ఎలుకల్లా చప్పుడు లేకుండా తిరిగి బయటికొస్తుంటే వాళ్లవాళ్లు కళ్లతో ప్రశ్నలు అడుగుతున్నారు. నర్సమ్మ వంతు వచ్చింది. బండి గేటు దాటింది. మాకు మాత్రం అన్నీ వినపడుతున్నాయి. బాబాయి పుణ్యమా అని ఆ గోడ మాకు అద్దంలా అయిపోయింది.

గోలీల డబ్బా దొర్లింది. గర్జన. అమ్మ పిడికిలి బిగించింది. నేను లోపల్లోపల, ఇంకా కాదు, ఇంకా కాదు అనుకుంటున్నాను. సన్నటిది వచ్చింది. గేరు పడింది. అమ్మ ఊపిరి వదిలింది. మలుపుల దగ్గర గొంతు తగ్గి, మళ్లీ లేచింది. మూడోది సరిగ్గా సమయానికి పడింది. ఇక ఎత్తు. మధ్యలో ఆపి, వెనక్కి జారకుండా ముందుకి తియ్యాలి. రెండుసార్లూ ఆవిడ తప్పింది అక్కడే.

బండి ఆగింది. నిలకడ మీద గొణుగుతోంది. అమ్మ ఎడం కాలు షెడ్డు మట్టిలో లేని క్లచ్‌ని తొక్కి పట్టుకుంది. చెప్పు కింద గుంట పడింది. గర్జన లేచి, ఒక్కసారి తెగిపోయింది. ఇంజన్ ఆగిపోయింది. బాబాయి తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. గోడ అవతల నిశ్శబ్దం ఎంతసేపుందో గానీ, నాకు మా బడి గంట కొట్టడానికి పట్టేంత అనిపించింది. తర్వాత స్టార్టర్ కీచుమంది. మళ్లీ గోలీలు. ఈసారి ఆవిడ తొందరపడలేదు. గర్జన పెరిగింది, పెరిగింది, ఎత్తు మీదికి పాకి, అవతలికి దిగింది.

బండి గేటు బయటికొచ్చి ఆగాక ముందు ఇన్‌స్పెక్టర్ గారు దిగారు. చెవిలో వేలు పెట్టి ఆడించుకుంటున్నారు. నర్సమ్మ దిగలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది.

అమ్మ నమస్కారం పెట్టింది. ఇంజన్ ఆగిపోయింది కదండీ అంది, ముందే ఓడిపోయినట్టు.

ఆగితే ఆగుతుంది, ఆగాక ఎలా తీస్తారన్నదే తను చూసేది అన్నారాయన. ఆవిడ ఒక అంగుళం కూడా వెనక్కి జారలేదట. ఆ తర్వాత బండి వెనక్కి నడిచి, వంగి, ఆ గొట్టాన్ని చూశారు.

"ఆవిడ పాస్. బండి ఫెయిల్. ఈ గొట్టం తీసేసి, కంపెనీది వేయించాకే మళ్లీ నా గేటు దాటాలి."

బాబాయి దేవుడి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు. ఆయన మొహంలో బాధ కనపడలేదు, బతికిపోయినట్టు ఉంది. ఫొటో స్టూడియో ఆవిడకి మాత్రం ఈ కబురు చెప్పడం నా వల్ల కాదని అమ్మతో అన్నాను. ఆవిడ గర్జన ఇప్పుడే బాగా పట్టుకుంది పాపం.

నర్సమ్మ అప్పుడు దిగింది. దిగి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది, బాబాయి ఇచ్చిన మంచినీళ్లు తాగింది. తాగాక ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు చూసింది. "తల్లీ, మరి వ్యాన్ గొంతు ఎలా ఉంటుందో? నేను ఎప్పుడూ వినలేదే."

అమ్మ నా బదులు చెప్పబోయింది. నేనే చెప్పాను, ఆదివారం వస్తానని. షెడ్డులో తెలియనివాళ్లు కూడా తల తిప్పి చూసేంత గట్టిగా వచ్చింది ఆ మాట.

ఆదివారం వ్యాన్‌లో ముందు సీటు నాది. ఒళ్లో ఐసుపెట్టె, చల్లగా. అది డీజిల్ బండి. దాని గొంతు మా కారుకి ఏ వరసా కాదు. ఆరోగ్య కేంద్రం గేటు దగ్గర బండి నిలిపి ఇద్దరం కాసేపు ఊరికే విన్నాం. దగ్గుతో మొదలుపెడుతుంది, తర్వాత సణుగుతుంది. చాలు అని ఎక్కడ చెబుతుందో ఇంకా తెలియదు. చూద్దాం అంది నర్సమ్మ, బయల్దేరాం.

గుట్ట దారి మొదలైంది. సణుగుడు పెరుగుతోంది. నాకు అనుమానంగా ఉంది, కానీ ఇక్కడే అయ్యుండాలి అనిపించింది. చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే గేరు మార్చేసింది. బండి కిక్కురుమనకుండా పైకి పోతోంది.

తెరిచిన నోరు ఏం చేసుకోవాలో తెలియక, ముందు గొర్రెలున్నాయని చెప్పాను. అవి ఆవిడకీ కనపడుతూనే ఉన్నాయి.